క్యాలిక్యులేటర్ ప్రోగ్రాముల్లో జంపులు, లేబుళ్లు: వాటి తిక్క తెలుసుకుని రాయడం ఎలా

ప్రోగ్రామబుల్ క్యాలిక్యులేటర్ చేతికొస్తే కూడికలు, నంబర్లు దాచుకోవడం, మళ్లీ పిలుచుకోవడం ఎవరికైనా ఒక పూటలో వచ్చేస్తాయి. తిప్పలన్నీ జంపుల దగ్గరే, అంటే ప్రోగ్రామ్‌లో ఒక లైన్ నుంచి ఇంకో చోటికి దూకడం దగ్గర. 01 అని గుర్తు (లేబుల్) పెట్టిన లైన్‌కి వెళ్లమని రాస్తాం, అది మనం అనుకున్న 01కి పోకుండా ఇంకెక్కడో ఉన్న 01కి పోతుంది, పోయినట్టు ఎక్కడా చెప్పదు, పైగా తప్పు జవాబుని పన్నెండు అంకెలతో దర్జాగా చూపిస్తుంది.

ఇక్కడ ప్రధానంగా హెచ్‌పీ-42ఎస్ అనే క్యాలిక్యులేటర్ పద్ధతిలో వెళ్దాం. 1979లో హెచ్‌పీ-41సీ వచ్చింది, 1988లో 42ఎస్ వచ్చింది, లేబుళ్ల పద్ధతి రెండింట్లో దాదాపు ఒకటే. 42ఎస్ తయారీ 1995లో ఆపేశారు, సెకండ్ హ్యాండ్‌లో ఎవరైనా అమ్మినా రేటు చూస్తే కళ్లు తిరుగుతాయి, కాబట్టి దాని కోసం వెతక్కండి. థామస్ ఒకెన్ రాసిన ఫ్రీ42 అనే ఉచిత యాప్ ఆండ్రాయిడ్‌లో, ఐఫోన్‌లో, కంప్యూటర్లో కూడా నడుస్తుంది, 42ఎస్ ఎలా ప్రవర్తిస్తుందో అదీ అలాగే. స్విస్‌మైక్రోస్ కంపెనీ వాళ్ల డీఎం42 క్యాలిక్యులేటర్ లోపల ఉన్నదీ ఇదే. ముందు అది ఫోన్లో వేసుకోండి, కింద చెప్పేవి చదువుతూనే కొట్టి చూడండి, ఉత్తినే చదివితే ఇవి బుర్రకెక్కవు.

కీల మీద ఉన్న పేర్లనే అక్షరం అక్షరం తెలుగులో రాస్తున్నాను. ఎల్‌బీఎల్ అంటే లేబుల్. జీటీఓ అంటే ఆ లేబుల్‌కి వెళ్లిపో. ఎక్స్‌ఈక్యూ అంటే వెళ్లి పని ముగించుకుని తిరిగి రా. ఆర్‌టీఎన్ అంటే ఎక్కడినుంచి వచ్చావో అక్కడికి తిరుగు.

ముందు ఖాళీ జాగా అడగండి

ప్రోగ్రామ్ మోడ్‌లోకి వెళ్లడానికి షిఫ్ట్, పీఆర్‌జీఎం. కొత్త ప్రోగ్రామ్ మొదలుపెట్టే ముందు మాత్రం తప్పనిసరిగా షిఫ్ట్, జీటీఓ, చుక్క, చుక్క కొట్టండి. ఈ రెండు చుక్కలు మెమరీ చివర్లో కొత్త జాగా ఇస్తాయి, అంతకుముందున్న ప్రోగ్రామ్‌కి ఈఎన్‌డీ అనే గోడ కడతాయి. ఇది మానేస్తే మీరు కొట్టేదంతా పాత ప్రోగ్రామ్ మధ్యలో ఎక్కడో దూరుతుంది. పేరు వేరుగా పెట్టాను కదా, వేరే ప్రోగ్రామే అనుకుంటారు మీరు. క్యాలిక్యులేటర్ దృష్టిలో మాత్రం ఈఎన్‌డీ నుంచి ఈఎన్‌డీ దాకా ఉన్నదంతా ఒకటే ప్రోగ్రామ్, మధ్యలో ఎన్ని పేర్లున్నా సరే.

దీనివల్ల రెండు దెబ్బలు తగులుతాయి. నంబర్ లేబుళ్లు కలిసిపోవడం ఒకటి, అది కాసేపట్లో వస్తుంది. రెండోది ఇంకా ఘోరం: సీఎల్‌పీ కొట్టి ఒక పేరున్న ప్రోగ్రామ్‌ని తీసేస్తే, ఆ పేరు ఏ ఈఎన్‌డీల మధ్య ఉందో అదంతా పోతుంది. మీకు అక్కర్లేనిదాంతో పాటు కావాల్సింది కూడా ఒక్క దెబ్బకి గల్లంతు.

ఒక చిన్న ప్రోగ్రామ్ కొట్టి చూద్దాం

స్థలం గజాల్లో చెప్తారు, మనకి సెంట్లలోనో గుంటల్లోనో ఎకరాల్లోనో కావాలి. ఆంధ్రాలో సెంటు లెక్క, సెంటుకి 48.4 గజాలు, తెలంగాణలో గుంట లెక్క, గుంటకి 121 గజాలు, ఎకరం ఎక్కడైనా 4840 గజాలే. ముందు గజాలు కొట్టి ఎంటర్ నొక్కి, తర్వాత 1 కొడితే సెంట్లు, 2 కొడితే గుంటలు, 3 కొడితే ఎకరాలు రావాలి.

ప్రోగ్రామ్‌కి "గజ్" అని పేరు పెడదాం, క్యాలిక్యులేటర్‌లో జీ, ఏ, జే అని మూడక్షరాలు. ఎల్‌బీఎల్ అనేది పీజీఎం.ఎఫ్‌సీఎన్ మెనూలో ఉంటుంది. అక్షరాల మెనూ తనంతట తాను రాకపోతే ఎంటర్ నొక్కండి, పేరు కొట్టి మళ్లీ ఎంటర్.

01 ఎల్‌బీఎల్ "గజ్"
02 జీటీఓ ఐఎన్‌డీ ఎస్‌టీ ఎక్స్
03 ఎల్‌బీఎల్ 01
04 ఆర్↓
05 48.4
06 ÷
07 ఆర్‌టీఎన్
08 ఎల్‌బీఎల్ 02
09 ఆర్↓
10 121
11 ÷
12 ఆర్‌టీఎన్
13 ఎల్‌బీఎల్ 03
14 ఆర్↓
15 4840
16 ÷
17 ఆర్‌టీఎన్

ప్రోగ్రామ్ మోడ్‌లోంచి బయటికొచ్చి 605 ఎంటర్ 2 కొట్టి, ఎక్స్‌ఈక్యూ నొక్కి గజ్‌ని ఎంచుకోండి. 5 వస్తుంది, అంటే 5 గుంటలు. అదే 605కి 1 ఇస్తే 12.5 సెంట్లు, 3 ఇస్తే 0.125 ఎకరం.

అసలు పనంతా రెండో లైన్‌ది. ఐఎన్‌డీ అంటే లేబుల్ నంబర్ నేరుగా చెప్పకుండా ఫలానా చోట చూసుకో అనడం. ఇక్కడ ఆ చోటు ఎక్స్, మీరు చివరగా కొట్టిన నంబర్. కొట్టిన నంబర్లు ఒకదాని మీద ఒకటి పేరుకునే దొంతరే స్టాక్ (ఎస్‌టీ), దాని పై మెట్టే ఎక్స్; ఆర్↓ ఆ పైనున్న నంబర్‌ని అడుగుకి పంపి దాని కిందిదాన్ని పైకి తెస్తుంది. మూడు షరతులు, మూడు జంపులు రాయాల్సిన చోట ఒక్క లైన్‌తో సరిపోయింది. ఈ సౌకర్యం ఉన్న క్యాలిక్యులేటర్లో షరతుల మీద షరతులు పేర్చి మెనూలు కట్టేవాళ్లని చూస్తే నాకు జాలేస్తుంది. పొరపాటున 4 కొడితే ఆ లేబుల్ దొరకలేదని ఆగిపోతుంది, అది మంచిదే. 2.7 కొడితే మాత్రం ఆగదు, దశాంశం వదిలేసి పూర్ణాంకం ఒక్కటే తీసుకుని 02కే వెళ్తుంది. అంటే ఆ నంబర్ మీరు చేత్తో కొట్టకుండా ఏదో లెక్కలోంచి వస్తుంటే 2.9999 లాంటిది 02కి పోయే ప్రమాదం ఉంది, ముందే సరిచేసుకుని పంపండి.

ఇప్పుడు కావాలనే ఒకటి చెడగొడదాం. సీఎల్‌ఎస్‌టీ కొట్టి స్టాక్ మొత్తం సున్నా చేయండి, ప్రోగ్రామ్‌లో 07వ లైన్ ఆర్‌టీఎన్‌ని తీసేయండి, 605 ఎంటర్ 1 ఇచ్చి నడపండి. 12.5 రావాలి, 0 వస్తుంది. ఎందుకంటే లేబుల్ ఏమీ ఆపదు. అది ఒట్టి గుర్తు, పైనుంచి వచ్చే లెక్క దాన్ని దాటుకుని తన దారిన కిందికి పోతూనే ఉంటుంది. 12.5 వచ్చాక ఎల్‌బీఎల్ 02ని దాటింది, ఆర్↓ దగ్గర 12.5 స్టాక్ అడుగుకి జారిపోయి పైకి 0 వచ్చింది, దాన్ని 121తో భాగించి 0 అని చూపించింది. స్టాక్‌లో ఇంతకుముందు లెక్కల తాలూకు నంబర్ ఏదైనా మిగిలి ఉంటే ఈ సున్నా కూడా రాదు, నమ్మదగ్గట్టు కనపడే నంబరే ఏదో వస్తుంది, అప్పుడు పట్టుకోవడం చాలా కష్టం. తీసేసిన ఆర్‌టీఎన్‌ని మళ్లీ పెట్టేయండి: 06వ లైన్ దగ్గర నిలబడి కొడితే 07గా చేరుతుంది. 41లో, 42ఎస్‌లో కొత్త లైన్ ఎప్పుడూ కనపడుతున్న లైన్ కిందే చేరుతుంది, మిగతావి కిందికి జరుగుతాయి.

వెతుకులాట ఎటు వైపు

ఈ మొత్తం వ్యవహారంలో గుర్తుపెట్టుకోవాల్సింది ఏదైనా ఒకటి ఉందంటే అది ఇదే. జీటీఓ 01 అన్నప్పుడు క్యాలిక్యులేటర్ ప్రస్తుతం ఉన్న లైన్ నుంచి కిందికి వెతుకుతుంది. ఈఎన్‌డీ దాకా వెళ్లినా దొరక్కపోతే అదే ప్రోగ్రామ్ మొదటికొచ్చి మళ్లీ కిందికి వెతుకుతుంది. మొదట తగిలిన 01 దగ్గర ఆగిపోతుంది. ఒకే ప్రోగ్రామ్‌లో 01 రెండుసార్లుంటే తప్పని చెప్పదు, హెచ్చరిక కూడా ఉండదు.

చూడండి, ఇది సెంట్ల పట్టీ చూపించే లూప్, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసే ముక్క. ఎస్‌టీఓ అంటే నంబర్ దాచు, ఆర్‌సీఎల్ అంటే దాచింది పిలు, ఐపీ అంటే పూర్ణాంకం ఒక్కటే ఉంచు, వ్యూ అంటే చూపించు, పీఎస్‌ఈ అంటే కాస్త ఆగు; 1.010, ఐఎస్‌జీల సంగతి కింద చెప్తాను. మళ్లీ జీటీఓ, రెండు చుక్కలు కొట్టి మొదలుపెట్టండి.

01 ఎల్‌బీఎల్ "పట్టీ"
02 1.010
03 ఎస్‌టీఓ 00
04 ఎల్‌బీఎల్ 01
05 ఆర్‌సీఎల్ 00
06 ఐపీ
07 48.4
08 ×
09 వ్యూ ఎస్‌టీ ఎక్స్
10 పీఎస్‌ఈ
11 ఐఎస్‌జీ 00
12 జీటీఓ 01
13 ఆర్‌టీఎన్

నడిపితే 48.4, 96.8 అంటూ 484 దాకా పది నంబర్లు ఒక్కోటీ కాస్త ఆగి కనపడతాయి. ఇప్పుడు 13వ లైన్ కింద ఇవి చేర్చండి:

14 ఎల్‌బీఎల్ 01
15 బీప్
16 ఆర్‌టీఎన్

మళ్లీ నడపండి. 48.4 ఒక్కటి చూపించి, బీప్ అని కూసి ఆగిపోతుంది. 12వ లైన్ నుంచి కిందికి చూస్తే ముందుగా దొరికిన 01 ఏది? 14వది. నాలుగో లైన్‌లో ఉన్న అసలు లూప్ తలకి చేరాలంటే అది చివరి దాకా వెళ్లి పైనుంచి తిరిగి రావాలి, అంత అవసరం దానికి రాలేదు. ప్రతి లూప్‌లోనూ జీటీఓ వెనక్కి దూకుతుంది కాబట్టి లూపులన్నిటికీ ఈ గండం ఉంది. వేరే చోటినుంచి తెచ్చిన ముక్కని ప్రోగ్రామ్ కింద అతికించినప్పుడు దాదాపు ఎప్పుడూ జరిగేది ఇదే: అందులోనూ ఒక 01 ఉంటుంది.

మందు సులువే. ఒక ప్రోగ్రామ్‌లో నంబర్ ఒక్కసారే వాడండి, లూపులకి 01 నుంచి, సబ్‌రొటీన్లకి (ఎక్స్‌ఈక్యూతో పిలిస్తే పని చేసి తిరిగొచ్చే ముక్కలకి) 20 నుంచి, అలా ఏదో ఒక పద్ధతి పెట్టుకోండి. వేరే వేరే ప్రోగ్రాముల్లో మాత్రం అదే నంబర్ ఎన్నిసార్లైనా వాడుకోవచ్చు, మధ్యలో ఈఎన్‌డీ గోడ ఉంటుంది కదా. కొందరు ఘనులు కిందికి వెతికే గుణాన్నే వాడుకుని, ముందుకి దూకే చిన్న చిన్న జంపులన్నిటికీ కావాలనే ఒకే నంబర్ పెడతారు. పని చేస్తుంది, కానీ ఆర్నెల్ల తర్వాత ఆ ప్రోగ్రామ్‌ని సరిదిద్దాల్సి వస్తే వాళ్లకే అర్థం కాదు.

ఎక్కడ దారి తప్పిందో చూడాలంటే ప్రోగ్రామ్ మోడ్ బయట ఎస్‌ఎస్‌టీ నొక్కుతూ ఒక్కో లైన్ నడపండి. కీని నొక్కి పట్టుకున్నంతసేపు లైన్ కనపడుతుంది, వదిలితే నడుస్తుంది. జీటీఓ వదిలాక తర్వాత వచ్చిన లైన్ నంబర్ చూస్తే దొంగ దొరికిపోతాడు.

ఇంకో మాట. లైన్ నంబర్‌కి దూకే జీటీఓ ప్రోగ్రామ్‌లో రాయలేం. జీటీఓ, చుక్క, నంబర్ కొడితే ఆ లైన్‌కి మీరు వెళ్తారు, అంతే, అది ప్రోగ్రామ్‌లో నమోదు కాదు.

ఐఎస్‌జీ, షరతులు

పైన 1.010 అన్నదాంట్లో చుక్కకి ముందు 1 అనేది మొదలు, చుక్క తర్వాత మూడు అంకెలు ఆఖరు, ఆ పైన ఇంకో రెండు అంకెలుంటే ఎంతెంత చొప్పున పెరగాలో. లేకపోతే 1 చొప్పున. ఆఖరుకి మూడు అంకెలన్నది ఖచ్చితం. 1.10 అని కొడితే పది దాకా అని కాదు, 1.100 అని, అంటే వంద దాకా తిరుగుతుంది.

ఐఎస్‌జీ ఒకటి పెంచి, ఆఖరు దాటితే కింది లైన్‌ని వదిలేసి పోతుంది, దాటకపోతే కింది లైన్ నడుపుతుంది. షరతులన్నీ కూడా ఇదే పద్ధతి: నిజమైతే కింది లైన్ నడుస్తుంది, అబద్ధమైతే ఒక్క లైన్ ఎగిరిపోతుంది. ఒక్క లైనే, రెండు కాదు. అందుకే షరతు కింద జీటీఓ గానీ ఎక్స్‌ఈక్యూ గానీ పెట్టడం అలవాటు చేసుకోండి. 48.4 లాంటి నంబర్ 42ఎస్‌లో మొత్తం ఒక్క లైన్ కాబట్టి షరతు కింద నంబర్ పెట్టినా ఇబ్బంది లేదు, హెచ్‌పీ-12సీలో మాత్రం ఉంది, దాని సంగతి కింద చెప్తాను.

ఇందులోంచి ఒక పాత చిట్కా పుట్టింది. రిజిస్టర్‌లో, అంటే నంబర్ దాచుకునే గదిలో, ఉన్నదాన్ని ఒకటి పెంచాలి, స్టాక్ కదలకూడదు, దూకడం కూడా అక్కర్లేదు. అప్పుడు ఇలా రాస్తారు:

ఐఎస్‌జీ 05
ఎల్‌బీఎల్ 99

ఐఎస్‌జీ తన ఇష్టం వచ్చినట్టు కింది లైన్ నడిపినా, వదిలేసినా ఒకటే, ఎందుకంటే అక్కడున్నది ఏ పనీ చేయని లేబుల్. ఎవరి ప్రోగ్రామ్‌లోనైనా ఎవరూ పిలవని లేబుల్ ఐఎస్‌జీ కింద కనపడితే చెత్త అనుకుని తీసేయకండి. తీసేస్తే దాని కింద లైన్ అప్పుడప్పుడు ఎగిరిపోవడం మొదలవుతుంది.

వెళ్లి రావడం

ఎక్స్‌ఈక్యూ 20 అంటే తిరిగి రావాల్సిన చోటు ఒక జాబితాలో రాసుకుని వెళ్తుంది. ఆ జాబితాలో హెచ్‌పీ-41లో ఆరు, 42ఎస్‌లో ఎనిమిది మాత్రమే పడతాయి. ఒక సబ్‌రొటీన్‌లోంచి ఇంకోటి, అందులోంచి ఇంకోటి అంటూ 41లో ఏడో మెట్టు దిగితే అన్నిటికన్నా పాత చిరునామా చప్పుడు లేకుండా రాలిపోతుంది. తిరిగొచ్చేటప్పుడు ఆరు మెట్లు బాగానే ఎక్కుతుంది, ఆ తర్వాత ఎక్కడికి పోవాలో తెలియక పని సగంలో ఆగిపోతుంది. జవాబు వచ్చినట్టే ఉంటుంది.

నిజానికి అంత లోతుకి దిగేవాళ్లు తక్కువ. ఎక్కువమందిని పట్టేది ఇంకోటి: సబ్‌రొటీన్ మధ్యలో జీటీఓతో బయటికి దూకేయడం. మీరు బయటికొచ్చారు గానీ జాబితాలో చిరునామా అలాగే ఉంది. తర్వాత ఎక్కడో ప్రోగ్రామ్ ముగిద్దామని ఆర్‌టీఎన్ పెడతారు, అది ముగియకుండా ఎప్పుడో వదిలేసిన చోటికి పోయి అక్కడినుంచి మళ్లీ నడుస్తుంది. కాబట్టి సబ్‌రొటీన్‌లోంచి బయటికి రావడానికి ఒకటే గుమ్మం ఉంచండి, అది ఆర్‌టీఎన్. తప్పు జరిగిందని బయటికి చెప్పాలంటే ఒక ఫ్లాగ్ (అవును, కాదు అని మాత్రం గుర్తుంచుకునే గుర్తు) పెట్టి తిరిగి రండి, పిలిచినవాళ్లు ఆ ఫ్లాగ్ చూసుకుంటారు.

పేర్లున్న లేబుళ్లు

గజ్, పట్టీ లాంటివి గ్లోబల్ లేబుళ్లు, మెమరీలో ఎక్కడినుంచైనా పిలవచ్చు, పేరు ఏడక్షరాలు దాటకూడదు. వీటిని వెతికే తీరు నంబర్ లేబుళ్లకి పూర్తిగా తలకిందులు: మెమరీలో అన్నిటికన్నా చివర ఉన్న పేరు నుంచి మొదలుపెట్టి పైకి వెతుకుతుంది. అందువల్ల ఒకే పేరుతో రెండు ప్రోగ్రాములుంటే తర్వాత రాసిందే నడుస్తుంది. పాతది ఉందని కూడా మర్చిపోతారు. ఒకరోజు కొత్తది తీసేస్తారు, పాతది నిద్ర లేచి పాత లెక్కలతో జవాబులివ్వడం మొదలుపెడుతుంది. కొత్త వెర్షన్ రాస్తే పేరు మార్చండి, లేదా పాతదాన్ని అప్పుడే తీసేయండి.

ఒక్క అక్షరం పేరు పెట్టేటప్పుడు జాగ్రత్త. ఏ నుంచి జే దాకా పెద్ద అక్షరాలు, ఏ నుంచి ఈ దాకా చిన్న అక్షరాలు లోకల్ లేబుళ్లు, అంటే నంబర్ల లాగే ఆ ప్రోగ్రామ్ లోపలే పనిచేస్తాయి. కే నుంచి మొదలుపెడితే గ్లోబల్. తెరమీద తేడా కనపడుతుంది: గ్లోబల్ అయితే పేరు చుట్టూ కొటేషన్ గుర్తులుంటాయి, లోకల్‌కి ఉండవు. ప్రోగ్రామ్ రాశాను గానీ జాబితాలో కనపడట్లేదు అంటే ముందు ఆ గుర్తులు చూడండి.

అసలైన హెచ్‌పీ-41 మీ దగ్గరుంటే

ఇంట్లో ఎవరో పెద్దాయన వాడిన 41 ఇంకా పనిచేస్తుంటే మీ అదృష్టం, కానీ దానికి ఇంకో రెండు మూడు తిక్కలున్నాయి. ఒకటి వేగం. మొదటిసారి జీటీఓ నడిచినప్పుడు లేబుల్ కోసం నిజంగానే వెతికి, ఎంత దూరంలో ఉందో ఆ జీటీఓ లోపలే రాసిపెట్టుకుంటుంది. రెండోసారి నుంచి వెతక్కుండా దూకుతుంది. ప్రోగ్రామ్‌ని ఎక్కడ దిద్దినా ఈ దూరాలు చెరిగిపోతాయి. అందుకే దిద్దిన వెంటనే నడిపితే నత్తనడక, మళ్లీ నడిపితే చురుకు.

00 నుంచి 14 దాకా లేబుళ్లు ఒక్క బైట్‌లో సరిపోతాయి, వాటికి దూకే జీటీఓకి రెండు బైట్లు. 15 నుంచి 99 దాకా అయితే లేబుల్‌కి రెండు, జీటీఓకి మూడు. మెమరీ కొరత కాబట్టి అందరూ చిన్నవాటి మీదే పడతారు. కానీ ఆ రెండు బైట్ల జీటీఓలో 112 బైట్లకి మించిన దూరం రాసుకునే చోటు లేదు. అంతకన్నా దూరమైతే ప్రతిసారీ మళ్లీ వెతుకులాటే. జవాబు తప్పదు, ఆలస్యం అవుతుంది. వందలసార్లు తిరిగే పెద్ద లూప్‌కి 15 నుంచి పైనున్న నంబర్ పెట్టి, లేబుల్‌కొకటి జీటీఓకొకటి బైట్ ఎక్కువ ఖర్చు పెట్టడమే లాభం.

ఇంకోటి, యూజర్ మోడ్‌లో (కీలకి మీరు కట్టుకున్న పనులు నడిచే మోడ్) పై వరస కీలు నొక్కితే అవి వెంటనే పలకవు. ఆ కీలకి ఏ, బీ, సీ లాంటి లోకల్ లేబుళ్లు కట్టి ఉంటాయి కాబట్టి ముందు ప్రస్తుత ప్రోగ్రామ్ అంతా ఆ లేబుల్ కోసం గాలించి, లేదని తేలాకే మామూలు పని చేస్తుంది. ప్రోగ్రామ్ పెద్దదైతే కీ పాడైందేమో అన్నంత ఆలస్యం. పాడవలేదు, యూజర్ మోడ్ తీసేయండి.

లేబుళ్లే లేని హెచ్‌పీ-12సీ

సీఎఫ్‌ఏ అనే ఫైనాన్స్ పరీక్షకి అనుమతించే రెండు రకాల్లో ఇదొకటి కాబట్టి హైదరాబాద్‌లో ఫైనాన్స్ చదివేవాళ్ల చేతుల్లో కనపడుతుంది. 1981 నాటి డిజైన్. ఇందులో లేబుల్ అనేదే లేదు, జీటీఓకి లైన్ నంబరే ఇవ్వాలి, మామూలు 12సీలో ఎక్కువలో ఎక్కువ 99 లైన్లు. వెతుకులాట గొడవ లేదు గానీ దాని బదులు వేరే గొడవలు.

మొదట ఎనిమిది లైన్లే ఇస్తుంది, అన్నిట్లోనూ జీటీఓ 00 నిండి ఉంటుంది. జీటీఓ 00 అంటే మొదటికెళ్లి ఆగిపో. తొమ్మిదో లైన్ కొట్టగానే ఒక రిజిస్టర్‌ని తినేసి ఏడు లైన్లు చేస్తుంది, ముందు చుక్క 9 అనే రిజిస్టర్, తర్వాత చుక్క 8, అలా వెనక్కి. 99 లైన్లు నిండేసరికి ఇరవై రిజిస్టర్లలో ఏడే మిగులుతాయి. చుక్క రిజిస్టర్లలో ఏదైనా దాచుకునే అలవాటుంటే జీ అనే కీ, తర్వాత ఎమ్‌ఈఎమ్ నొక్కి ఎన్ని మిగిలాయో చూసుకుంటూ ఉండండి.

ఇందులో ప్రతి అంకె ఒక లైన్. షరతు కింద 18 అని రాస్తే 1 ఒక లైన్, 8 ఒక లైన్. షరతు నిజమైతే 18, అబద్ధమైతే 1 ఎగిరిపోయి 8 మిగులుతుంది. పన్ను 18 శాతం వేయాలా వద్దా అని రాసుకున్న ప్రోగ్రామ్ 8 శాతం వేసేస్తే ఇదే కారణం. ఇక్కడ షరతు కింద జీటీఓ తప్ప ఇంకేమీ పెట్టకండి.

మామూలు 12సీలో మధ్యలో లైన్ చేర్చడం కుదరదు, కొత్తది కొడితే పాతది చెరిగిపోతుంది. మళ్లీ మొత్తం కొట్టే ఓపిక లేకపోతే ఇలా అతుకు వేయాలి. మీ ప్రోగ్రామ్ 30 లైన్లనుకుందాం, 10 తర్వాత రెండు పనులు చేర్చాలి. 11వ లైన్‌లో ఏముందో కాగితం మీద రాసుకోండి. ప్రోగ్రామ్ మోడ్‌లో జీ జీటీఓ చుక్క 10 కొట్టి అక్కడ నిలబడి, జీ జీటీఓ 32 కొడితే అది 11వ లైన్‌లో పడుతుంది. తర్వాత జీ జీటీఓ చుక్క 31 కొట్టండి. ఇప్పుడు కొట్టేవి 32 నుంచి పడతాయి: మీ కొత్త పనులు రెండు, ఆ తర్వాత కాగితం మీద రాసుకున్న పాత 11వ లైన్ పని, చివర్లో జీ జీటీఓ 12.

31ని ఎందుకు వదిలేశాం? అక్కడున్న జీటీఓ 00 ప్రోగ్రామ్‌ని ఆపే కాపలా. పొదుపు చేద్దామని అతుకుని 31 నుంచే మొదలుపెడితే, 30 అయిపోగానే లెక్క అతుకులోకి జారి, అక్కడినుంచి 12కి పోయి, మళ్లీ 30కి వచ్చి, బ్యాటరీ ఉన్నంతకాలం తిరుగుతూనే ఉంటుంది. 10వ లైన్ షరతు అయితే అతుకులోకి వెళ్లేది అది నిజమైనప్పుడే అని కూడా మర్చిపోకండి. ఏదైనా నంబర్ అంకెల మధ్యలో మాత్రం అతుకు వేయొద్దు.

టీఐ-84లో జరిగే మెమరీ కారుడు

అమెరికాలో చదివే మన పిల్లల బడి సంచుల్లో ఉండేది ఎక్కువగా ఇదే, టెక్సస్ ఇన్‌స్ట్రుమెంట్స్ వాళ్ల క్యాలిక్యులేటర్. ఇందులో లేబుల్ పేరు ఒకటి లేదా రెండు అక్షరాలు, గోటూ ఎక్కడినుంచి పిలిచినా లేబుల్‌ని ప్రోగ్రామ్ మొదటినుంచి వెతుకుతుంది, కాబట్టి తరచుగా దూకే లేబుళ్లని పైన పెట్టుకుంటే వేగం. అసలు తిక్క అది కాదు.

ఇఫ్, దెన్ రాసి, లోపల గోటూ పెట్టి, కింద ఎండ్ పెట్టారనుకోండి. దెన్ చూడగానే క్యాలిక్యులేటర్ ఒక ఎండ్ రావాల్సి ఉందని మెమరీలో రాసుకుంటుంది. గోటూ ఆ ఎండ్‌ని చేరకుండా బయటికి దూకేస్తుంది, రాసుకున్నది అలాగే మిగిలిపోతుంది. మళ్లీ తిరిగొస్తే ఇంకోటి రాసుకుంటుంది. చిన్న లూప్ అయితే ఏమీ తెలియదు; వేలసార్లు తిరిగేది అయితే నెమ్మదిగా మెమరీ నిండిపోయి, ప్రోగ్రామ్‌లో ఏ తప్పూ లేకపోయినా మెమరీ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. ఫర్, వైల్, రిపీట్ లోపలినుంచి గోటూతో దూకినా అంతే.

దెన్, ఎండ్ తీసేసి, ఇఫ్ కింద వెంటనే గోటూ ఒక్కటే లైన్‌గా రాయండి. ఎండ్ కోసం ఎదురుచూసేది ఏదీ ఉండదు కాబట్టి మెమరీ కారదు. గోటూకి ముందు ఇంకో రెండు పనులు చేయాల్సి ఉంటే షరతుని తిరగేసి రాసి, ఆ పనుల మీదుగా దూకేయండి, లేదంటే ఆ లూప్‌ని వైల్‌గా మార్చి గోటూనే తీసేయండి. లెక్క చిన్నదైతే మొదటిది, పెద్దదైతే రెండోది.